ఫ్యాన్ ఫిక్షన్: చదవడానికి ఒక లెక్క, చెప్పడానికి ఇంకో లెక్క

మీరు అడిగింది ఇదీ: ఆర్ఆర్ఆర్ సినిమా రెండోసారి చూశాక ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో, అదే మనం ఏఓత్రీ అనేదాంట్లో, పడ్డారు. సినిమాల, పుస్తకాల పాత్రల మీద అభిమానులు సొంతంగా రాసుకునే కథలు, అంటే ఫ్యాన్ ఫిక్షన్, పెట్టే సైటు అది. ఆ సినిమా హీరోలు రాజు, భీమ్‌ల మీద వందల కొద్దీ కథలు కనిపించాయి. కుడోస్, అంటే నచ్చిందని పాఠకులు నొక్కే గుర్తులు, ఎక్కువున్నవి వరసబెట్టి చదివితే సగం కూడా నచ్చలేదు. మంచివి ఏరుకోవడం ఎలా, 15 ఏళ్ళ మీ చెల్లెలికి ఏవి చదవమని చెప్పొచ్చు అని.

నేను 2003 నుంచి చదువుతున్నాను. ఆ జూన్‌లో హ్యారీ పాటర్ అయిదో పుస్తకం వచ్చింది. ఆరోది 2005 జూలై దాకా రాలేదు. ఆ రెండేళ్ళూ విజయవాడలో గంటకి 20 రూపాయల నెట్ సెంటర్‌లో కూర్చుని, ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ పేజీలు ఫ్లాపీలోకి ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. తీరా తెచ్చాక సగం ఫ్లాపీలు తెరుచుకునేవి కావు. అప్పటినుంచీ చదివినవాటిలో చెత్త ఎంతో నాకే తెలుసు. కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను చదివేదానికి ప్రమాణాలంటూ ఏమీ లేవు. రాత్రి నిద్రపట్టకపోతే ఏది దొరికితే అది చదువుతాను. అచ్చుతప్పులున్నా సరే, అందరూ మూడో అధ్యాయంలోనే పెళ్ళి చేసేసుకున్నా సరే. జంతికల డబ్బా పక్కన పెట్టుకున్నట్టే అది.

ఇంకొకళ్ళకి చెప్పేటప్పుడు మాత్రం నాకు చాలా పట్టింపు. ఆ పట్టింపు ఊరికే రాలేదు.

కొన్నేళ్ళ కిందట నా స్నేహితురాలి నాన్నగారు పోయారు. నెలన్నర తర్వాత ఫోన్ చేసి, "ఏదైనా తేలికైనది చెప్పవే, బుర్ర పనిచెయ్యట్లేదు" అంది. నాకు బాగా నచ్చిన కథ ఒకటి చెప్పాను. వంటలు, వానాకాలం, ఇద్దరు అన్నదమ్ముల కీచులాటలు, చివర్లో అందరూ కలిసి భోజనాలు. నాకు గుర్తున్నది అంతే. చదివి అప్పటికి రెండేళ్ళయింది. ఏడో అధ్యాయంలో ఆ అన్నదమ్ముల తండ్రి ఆస్పత్రిలో పోతాడనీ, ఐసీయూ బయట బల్ల మీద కూర్చున్న సన్నివేశం ఆరు పేజీలుందనీ శుభ్రంగా మర్చిపోయాను. రాసినావిడ తప్పేం లేదు, మొదట్లోనే సూచన పెట్టింది. నేనే చూసుకోలేదు. నా స్నేహితురాలు ఏమీ అనలేదు. "ఏడోది దాకా వచ్చానే" అని ఒక్క మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు ఏమీ అడగలేదు.

ఆ రోజునుంచీ ఒకటే నియమం. ఎంత ఇష్టమైన కథైనా, మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదవకుండా ఎవరికీ చెప్పను. లక్ష పదాలున్నా అంతే. అంత తీరిక లేదంటే చెప్పడం మానేస్తాను. రెండోసారి చదివితే ఇంకో లాభం కూడా ఉంది. మొదటిసారి మనల్ని లాక్కుపోయేది 'తర్వాత ఏమవుతుంది' అన్న ఆత్రం. అది తీరిపోయాక కూడా కథ నిలబడిందా లేదా అన్నది రెండోసారే బయటపడుతుంది. నా లెక్కలో పదింటిలో ఆరేడు ఇక్కడే రాలిపోతాయి.

ఇక మీ కుడోస్ సంగతి. ఒక పాఠకుడు ఒక కథకి ఒకసారే కుడోస్ ఇవ్వగలడు. అది మొదటి అధ్యాయం చదివి ఇచ్చినదో, నలభయ్యోది చదివి ఇచ్చినదో అంకెలో కనపడదు. పాత కథకి ఎక్కువ కాలం దొరికింది, ఎక్కువ వచ్చాయి. జనం ఎగబడే జంట మీద రాస్తే ఎక్కువ వస్తాయి. సినిమా విడుదలైన వేడిలో రాస్తే ఇంకా ఎక్కువ. అది జనం ఎక్కడ గుమిగూడారో చెప్పే అంకె. రద్దీగా ఉందని వెళ్ళిన హోటల్లో ఇడ్లీ గట్టిగా ఉండటం మనకి కొత్తేం కాదు కదా.

నేను చూసేది రెండు చోట్ల. ఒకటి, బుక్‌మార్కులు, అంటే పాఠకులు తమ ఖాతాలో గుర్తు పెట్టి దాచుకున్న కథలు. కొందరు బుక్‌మార్క్ పక్కన రెండు ముక్కలు రాస్తారు. "సీత ఉత్తరం దగ్గర ఏడ్చాను" లాంటి మాట ఒకటి కనిపిస్తే నాకు వెయ్యి కుడోస్‌లతో సమానం, ఎవరో నిజంగా చదివారని అర్థం. అలాంటి ముక్క రాసినవాళ్ళ పేరు మీద నొక్కి, వాళ్ళింకేం దాచుకున్నారో చూస్తాను. నాకు దొరికిన మంచి కథల్లో ఎక్కువ శాతం ఇలాగే దొరికాయి. రెండోది, చివరి అధ్యాయం కింద వ్యాఖ్యలు. మొదటి అధ్యాయం కింద అందరూ హారతులే పడతారు. చివరిదాకా ఎవరు మిగిలారు, ఏమన్నారు అన్నది చూడాలి.

ట్యాగుల దగ్గర, అంటే కథలో ఏముందో చెప్పడానికి రచయిత తగిలించే గుర్తుల దగ్గర, మాత్రం తొందరపడకండి. ఏఓత్రీలో ఎడిటర్ అంటూ ఎవరూ లేరు. లాభాపేక్ష లేని సంస్థ ఒకటి, ప్రకటనలు లేకుండా, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళతో 2009 నుంచి నడుపుతోంది. ఒకే అర్థమున్న ట్యాగుల్ని కలిపి ముడివేసే వలంటీర్లున్నారు గానీ, కథకి ఆ ట్యాగు సరిపోయిందా అని చూసేవాళ్ళు లేరు. అందుకని రచయిత పెట్టిన గుర్తులు చదవడం మనమే నేర్చుకోవాలి. పేర్ల మధ్య ఏటవాలు గీత (/) ఉంటే ఆ ఇద్దరిదీ ప్రేమ కథ. 'అండ్' గుర్తు (&) ఉంటే స్నేహం, అన్నదమ్ముల అనుబంధం లాంటివి. రాజు, భీమ్‌ల కథల్లో రెండు రకాలూ దండిగా ఉన్నాయి, సీతతో కలిపి ముగ్గురి ప్రేమగా రాసేవాళ్ళూ ఉన్నారు. మీకు సగం నచ్చకపోవడానికి కారణం ఇదే కావచ్చు. స్నేహం కోసం వెళ్ళినవాళ్ళు ప్రేమ కథ తెరిస్తే, ఎంత బాగా రాసినా రుచించదు. అందులో రచయిత తప్పు లేదు.

హెచ్చరికల్లో ఇంకో మెలిక ఉంది. 'ఏ హెచ్చరికా వర్తించదు' అని ఒకటి, 'హెచ్చరికలు ఇవ్వదలచుకోలేదు' అని ఒకటి ఉంటాయి. పైకి ఒకేలా కనిపిస్తాయి, నిజానికి ఒకదానికొకటి పూర్తిగా వేరు. మొదటిదానికి అర్థం, తీవ్రమైన హింస, ముఖ్యపాత్ర చావు, అత్యాచారం, మైనర్లతో లైంగిక విషయాలు అనే ఆ నాలుగూ కథలో లేవని. రెండోదానికి అర్థం, ఉండొచ్చు, లేకపోవచ్చు, తెరిచాక మీ పూచీ అని. కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. నేనూ చాలాకాలం కలిపేశాను.

సరే, ఇవన్నీ గుమ్మం బయట సంగతులు. లోపలికి వెళ్ళాక ఏం చూస్తాను?

మొదట, పిలుపు. సినిమాలో భీమ్ రాజుని "అన్నా" అంటాడు. ఆ ఒక్క మాట మీద సగం సినిమా నిలబడింది. రాజు పోలీసని తెలిశాక ఆ మాట ఏమైపోతుంది, ఎప్పుడు తిరిగొస్తుంది అన్నదే అసలు కథ. చాలా ఇంగ్లిష్ కథల్లో 'భయ్యా' అనో, 'బ్రదర్' అనో పెట్టేసి ముందుకు వెళ్ళిపోతారు. తెలుగు రానివాళ్ళు రాయకూడదని నేను అనను. ఎక్కడో ఉన్న పాఠకులు సబ్‌టైటిళ్ళతో చూసి, ఇంత ప్రేమగా రాస్తుంటే ముచ్చటేస్తుంది. ఇంట్లో ఇడ్లీలకి బదులు నాన్ తింటున్నా నవ్వుకుని వదిలేస్తాను. కానీ 'అన్నా' ఎప్పుడు అనాలో, ఎప్పుడు గొంతులో ఆగిపోవాలో తెలిసి రాసిన కథ కనిపిస్తే, రచయిత ఏ దేశమైనా సరే, నా జాబితాలోకి ఎక్కుతుంది. అలాంటివాళ్ళకి తెలుగు వచ్చా రాదా అన్నది నేను పట్టించుకోను, సినిమా విన్నారని తెలుస్తుంది.

తర్వాత, బాధని ఎలా రాశారన్నది. ఆర్ఆర్ఆర్ కథల్లో ఎక్కువమంది పట్టుకునేది రాజు భీమ్‌ని కొరడాతో కొట్టే సన్నివేశం తర్వాతి రాత్రి. రాజు ఏం చేసి ఉంటాడు? ఎవరి కథలోంచీ ఎత్తి చూపించడం మర్యాద కాదు కాబట్టి, తేడా తెలియడానికి నేనే రెండు రకాలుగా రాస్తాను.

ఒకటి: "రాజు గుండె ముక్కలైంది. తన ప్రాణానికి ప్రాణమైన తమ్ముణ్ణి తన చేతులతోనే హింసించాడు. కన్నీళ్ళు ధారగా కారుతుంటే గోడకి తల బాదుకుంటూ, 'నన్ను క్షమించు భీమ్!' అని గట్టిగా అరిచాడు."

రెండు: "రాజు కంచం ముందు కూర్చున్నాడు. చారు పోసుకుని కలిపాడు. ముద్ద చేశాక చెయ్యి లేవలేదు. మధ్యాహ్నం కొరడా పట్టింది ఆ చేత్తోనే. కాసేపాగి, ఎడంచేత్తో గ్లాసు అందుకుని నీళ్ళు తాగి లేచిపోయాడు."

మొదటిది తప్పని కాదు, అలా రాసినవి నేను డజన్ల కొద్దీ చదివి కళ్ళు తుడుచుకున్నాను కూడా. కానీ అందులో రాజు పేరు తీసేసి ఏ హీరో పేరు పెట్టినా సరిపోతుంది. పైగా రాజు పోలీసు కొలువులో తన రహస్యాన్ని ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న మనిషి. అతను గోడ పక్కన అరిస్తే మర్నాడు ఉద్యోగం ఉండదు, ఊరికి తుపాకులూ చేరవు. రెండోదాంట్లో ఆ మనిషి కనిపిస్తాడు, ఏడుపు మాత్రం కనపడదు. పేరు మార్చి చూడటం అన్నది నేను ప్రతి కథ మీదా చేసే పరీక్ష. పేర్లు మార్చినా కథ చెక్కుచెదరకపోతే అది మంచి కథే అయి ఉండొచ్చు, కానీ ఈ సినిమా అభిమానికి చెప్పాల్సిన కథ కాదు.

మూడోది నాకు మరీ ఇష్టమైన కొలత, మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. పనులు తెమిలిన మధ్యాహ్నాలు ఆవిడ ఊర్మిళాదేవి నిద్ర పాడేది. లక్ష్మణుడు అడవికి వెళ్ళిన పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రపోతుంది. అతను తిరిగొచ్చి లేపితే గుర్తుపట్టదు, పరాయి మగవాడెవరో గదిలోకి వచ్చాడని మందలిస్తుంది. వాల్మీకి ఆ గదిలోకి వెళ్ళలేదు. పాట కట్టిన ఆడవాళ్ళు వెళ్ళారు. రామాయణాలన్నీ ఫ్యాన్ ఫిక్షనే అని ఈమధ్య తేలిగ్గా అనేస్తున్నారు, నాకు ఆ మాట అంతగా నచ్చదు, భక్తితో పాడుకునేదాన్నీ సరదాకి రాసేదాన్నీ ఒక గాటన కట్టలేం. కానీ ఒక సంగతి మాత్రం రెండిటికీ ఒకటే: అసలు కథ ఏ తలుపు మూసేసి వెళ్ళిందో కనిపెట్టడం.

సినిమాలో అలాంటి తలుపులు చాలా ఉన్నాయి. దొరసాని ఎత్తుకెళ్ళిన గోండు పిల్ల మల్లి ఆ గవర్నర్ బంగళాలో అన్నాళ్ళు ఎలా గడిపింది? ఆ పిల్ల భాష అక్కడ ఎవరికి వచ్చు? రాత్రి భయమేస్తే ఎవర్ని పిలిచింది? రాజు ఊరొదిలి వెళ్ళాక, సీత ఊళ్ళోవాళ్ళకి రోజూ ఏం సమాధానం చెప్పింది? వంతెన కింద చేతులు పట్టుకున్న సన్నివేశాన్నే మళ్ళీ వర్ణించే కథ కన్నా, మల్లి గదిలోకి వెళ్ళిన రెండు వేల పదాల కథని నేను ముందు చెప్తాను. అక్కడక్కడా తడబడినా సరే.

ఇక కాస్త బరువైన సంగతి. ఇవి సినిమా పాత్రలే, కానీ పేర్లు నిజం మనుషులవి. అల్లూరి సీతారామరాజుని 1924లో కాల్చి చంపారు. కొమరం భీమ్ 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో పోయాడు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. జోడేఘాట్‌లో ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి గోండులు ఆయన వర్ధంతి జరుపుతారు. వాళ్ళకి భీమ్ సినిమా పాత్ర కాదు. అందుకని కథ సినిమా లోకంలోనే తిరుగుతోందా, లేక నిజం మనిషి జీవితంలోకి దూరి ఇష్టమొచ్చినట్టు రాసిందా అని చూస్తాను. మొదటిదైతే ప్రేమ కథైనా నాకు అభ్యంతరం లేదు. రెండోది చెప్పను.

దీంట్లోనే ఇంకొకటి. భీమ్‌ని అడవిలోంచి వచ్చిన అమాయకుడిలా, రాజు చెప్తే తప్ప ఏమీ తెలియని పిల్లాడిలా రాసే కథలు చాలా ఉన్నాయి. ఆ విత్తనం సినిమాలోనే ఉంది, చివర్లో నాకు చదువు చెప్పమని భీమ్ అడుగుతాడు. నిజం భీమ్ గూడెం వదిలి తిరిగిన రోజుల్లోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తారు. నేను వెతికేది భీమ్‌కి తన తెలివి తనకున్న కథల కోసం. పాము కరిచిన రాజుని బతికించింది ఎవరు? ఆకు పసరు తెలిసినవాడు, జంతువుల నడక తెలిసినవాడు, ఢిల్లీ నగరంలో అఖ్తర్ అనే పేరుతో అన్నాళ్ళు ఎవరికీ అనుమానం రాకుండా బతికినవాడు అమాయకుడా? ఈ సంగతి పట్టుకున్న కథ కనిపిస్తే, వాక్యాలు కొంచెం కుంటినా నేను పదిమందికి చెప్తాను.

నటుల మీద, వాళ్ళ భార్యాపిల్లల్ని పాత్రలుగా పెట్టి రాసేవి మాత్రం నేను చదవను, చెప్పను. అలాగే కథల లింకులు తీసుకెళ్ళి హీరోల ఖాతాల కింద అంటించేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. రాసినవాళ్ళు తమలాంటివాళ్ళ కోసం రాసుకున్నది అది.

సగంలో ఆగినవి? అధ్యాయాల దగ్గర 12/? అని ఉంటే ఇంకా ఎన్ని ఉన్నాయో రచయితే చెప్పలేదన్నమాట. ఆఖరి అధ్యాయం తేదీ చూడండి. చదవడానికి చదువుతాను, కొన్ని సగం కథలు పూర్తయినవాటికన్నా బాగుంటాయి. చెప్పేటప్పుడు మాత్రం "ఇది ఆగిపోయింది, ఫలానా చోట ఆగుతుంది" అని ముందే చెప్పి తీరతాను. ఆ మాట దాస్తే రాత్రి రెండింటికి తిట్లు తినాల్సింది నేనే.

ఇక ఇంకొకళ్ళకి ఎలా చెప్తానంటారా? నా నోట్‌బుక్‌లో ఒక్కో కథకి అయిదారు వాక్యాలు రాసుకుంటాను. పేరు తీసేసి ఒకటి చూపిస్తాను: "30 వేల పదాలు, పూర్తయింది. సినిమా అయిపోయాక ఏడాదికి మొదలవుతుంది. రాజు, భీమ్ స్నేహం, ప్రేమ కథ కాదు. నాలుగో అధ్యాయంలో జ్వరంతో ఒక పసివాడు పోతాడు, వివరంగానే ఉంటుంది. మొదటి అధ్యాయం నెమ్మది, ఓపిక పట్టాలి. సీత ఇష్టమైనవాళ్ళకి." కథ ఎంత గొప్పదో అందులో ఎక్కడా లేదు, చూశారా? 'అద్భుతం', 'గుండెల్ని పిండేస్తుంది' అని రాస్తే చదివేవాళ్ళు ఆ అద్భుతం ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చుంటారు. ఎవరికి నచ్చుతుందో, ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్తే చాలు. నచ్చనివాటి గురించి అందరి ముందూ ఒక్క ముక్క మాట్లాడను. డబ్బులు తీసుకోకుండా, రాత్రుళ్ళు కూర్చుని రాసినవాళ్ళని చీల్చి చెండాడాల్సిన పని నాకు లేదు.

లింకే పంపుతాను, ఫైలు పంపను. ఏఓత్రీలో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, నా దగ్గరా కాపీలున్నాయి. కానీ రచయిత ఎప్పుడైనా తీసేయాలనుకుంటే తీసేసే హక్కు ఉండాలి. సైట్లో ఖాతా ఉన్నవాళ్ళకే కనపడేట్టు తాళం వేసిన కథల స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం ఇంకా అన్యాయం.

ఇక మీ చెల్లెలు. ఏఓత్రీలో ఖాతా తెరవడానికి 13 ఏళ్ళు నిండితే చాలు, కాబట్టి ఆ అమ్మాయి ఇప్పటికే అక్కడ ఉందేమో ముందు అడగండి, ఉండే ఉంటుంది. వెతికేటప్పుడు రేటింగుల్లో 'జనరల్', 'టీన్' రెండే ఉంచి మిగతావి తీసేయండి. 'రేటింగ్ ఇవ్వలేదు' అన్నదాన్ని పెద్దవాళ్ళ కథగానే లెక్కేసుకోండి. అయినా రేటింగు పెట్టేది రచయితే కాబట్టి ఒకరి 'టీన్' ఇంకొకరికి ఎక్కువ అనిపించొచ్చు. మీరు పూర్తిగా చదివాకే పంపండి. భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే మహా అయితే కొన్ని వస్తాయి, అవి ముందు చూడండి, ఆ అమ్మాయికి తనూ రాయాలనిపించొచ్చు.

జాబితా మాత్రం పంపకండి. ఇరవై లింకులు పంపితే ఒక్కటీ తెరవదు. ఒకటే పంపండి, పదివేల పదాల లోపుది. నచ్చిందా అని అడక్కండి, మొహమాటానికి నచ్చిందనే అంటుంది. ఎక్కడ ఆపి నీళ్ళు తాగడానికి లేచావు అని అడగండి. రెండోది ఏది పంపాలో దాన్నిబట్టి మీకే తెలుస్తుంది.